పసుపు నిలవని గోడ

ఆదోనిలో ఒక టైల్స్ అంగడి కౌంటరు దగ్గర నా ఉద్యోగమంతా గడిచింది. చేరిన కొత్తలో మేము అమ్మింది నాపరాళ్లు, మొజాయిక్ బిళ్లలు. మానుకొనే నాటికి అంగడికి అద్దాల తలుపులు వచ్చాయి, లోపల చల్లటి గాలి వచ్చింది, గోడల నిండా లైట్లు వచ్చాయి. ఇప్పుడు ఈ పనిలో చేరుతున్న పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తారు. అందరూ అడిగేది ఒకటే. ‘ఏ టైల్ బాగా పోతుంది సార్?’

అది నేను చెప్పక్కర్లేదు. నెల తిరక్కుండానే వాళ్లకే తెలుస్తుంది. నేను రాయాలనుకొన్నది వేరే.

హైస్కూల్లో ఉన్నప్పటి నుంచి నాకు డైరీ రాసే అలవాటు. ఏ ఊరు పోయాను, ఏ గోడ కొలిచాను, ఎవరు ఏ రంగు ఎంచుకొన్నారు, అన్నీ రాసి పెట్టుకొనేవాణ్ణి. అంగట్లో నన్ను డైరీ నాగప్ప అనేవాళ్లు. ఆ డైరీలు తిరగేస్తే ఎక్కువగా కనపడేది వంటింటి గోడే. ముందర గది టైల్స్ మగవాళ్లు ఎంచుకొంటారు, చుట్టాలు చూస్తారని. బాత్‌రూమ్ టైల్స్ ఎవరైనా ఎంచుకొంటారు, కాలు జారకపోతే చాలని. వంటగట్టు పైన, స్టవ్ వెనక గోడకు వేసేదాన్ని మేము డాడో అంటాము. దాని దగ్గరికి వచ్చేసరికి ఇంటిల్లిపాదీ వచ్చి కూర్చుంటారు. మూరెడు గోడ. దాని కోసం మా అంగట్లో అక్కాచెల్లెళ్లు మాటలు మానుకొన్నారు. కాబోయే అల్లుడొకడు అలిగి గుంతకల్లు బస్సెక్కి పోయాడు.

ఎందుకు అంత పట్టుదల అని మొదట్లో విసుక్కొనేవాణ్ణి. ఇంట్లో ఆడమనిషి ఎక్కువసేపు ముఖం పెట్టి చూసేది అద్దాన్ని కాదు, ఆ గోడను. అది అర్థమయ్యాక విసుగు పోయింది.

సేటు గిన్నె

మా సేటు వాళ్ల తాతలు మార్వాడ్ ఎడారి సీమ నుంచి పత్తి వ్యాపారానికి ఆదోని వచ్చారు. ఆయన ఇక్కడే పుట్టాడు. తెలుగులో తిట్టేవాడు, ఉర్దూలో బేరమాడేవాడు, ఇంటికి ఫోన్ చేస్తే మాత్రం మార్వాడీ. కౌంటరు మీద ఎప్పుడూ ఒక స్టీలు గిన్నె ఉండేది. అందులో నూనె కలిపిన పసుపు. ఆడవాళ్లు వచ్చి కూర్చొన్నారంటే చాలు, మెరిసే తెల్ల టైల్ ఒకటి ముందర పెట్టేవాడు. వేలితో పసుపు తీసి అడ్డంగా పూసేవాడు. యోగక్షేమాలు అడుగుతూ కొంచెంసేపు ఆగి, తడిగుడ్డతో ఒక్క తుడుపు తుడిచేవాడు.

“సూడమ్మా. పసుపే నిలవలేదు. ఇంగ నీ తాలింపు నిలుస్తాదా?”

సగం అమ్మకాలు ఆ గిన్నెతోనే జరిగేవి. సేటు చెడ్డవాడు కాదు. పగిలిన టైల్ అంటగట్టడు, ఇచ్చిన మాట తప్పడు. అయితే ఆయన దృష్టిలో గోడ అంటే తుడిచే వస్తువు. నేను ఇండ్లకు పోయి గోడ చూసి వస్తానంటే ఎగతాళి చేసేవాడు.

“క్యా నాగప్పా, పిల్లను సూడనీకి పోతాండావా? గోడ గోడే కదా!”

గోడ గోడే అనుకొంటే పని చెడుతుంది. అంగడి లైట్ల కింద పాలమాదిరి ఉన్న తెలుపు, కిటికీ లేని వంటింట్లో బూడిద రంగుకు తిరుగుతుంది. మా వైపు బోరునీళ్లలో ఉప్పెక్కువ. నల్ల టైల్ వేసుకొంటే నీళ్లు ఎండిన చోటల్లా తెల్లటి చారలు పడతాయి. చిన్న టైల్స్ చూడ్డానికి ముద్దుగా ఉంటాయి గానీ టైల్‌కూ టైల్‌కూ మధ్య కీళ్లు ఎక్కువ, ఆ కీళ్లలో నూనె జిడ్డు చేరిందంటే ఊడిరాదు. ఒకసారి తయారైన రంగు మళ్లీ అదే ఛాయలో దొరకదు కాబట్టి, పనికి సరిపోయిన దానిపైన కొన్ని ఎక్కువ తీసి పెట్టమని చెప్పాలి. ఇవి ఎవరైనా చెప్తారు.

కాఫీ కప్పుల బొమ్మలు, ద్రాక్షగుత్తుల బొమ్మలు ఉన్న టైల్స్ ఒకప్పుడు తెగ అమ్మాము. గోనెగండ్ల నుంచి వచ్చిన ఒక పెద్దామె ఆ కప్పుల బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసి, “మా ఇంట్లో కాఫీ తాగేటోళ్లే లేరు గదప్పా. జొన్నరొట్టె బొమ్మ ఉంటే సూపీ” అంది. సేటు అంత గట్టిగా నవ్వింది నేను అంతకుముందు చూడలేదు. నాకు మాత్రం ఆమె మాటలో తప్పు కనపడలేదు. ఎవరి గోడ మీద ఏముండాలో వాళ్లకు తెలుసు. మనం అడగము, అంతే.

ఎమ్మిగనూరు నుంచి వచ్చినవాళ్లు

ఆంజనేయులు ఎమ్మిగనూరులో మగ్గాల ఇంటి మనిషి. ఇంట్లో మగ్గం ఉన్నా, నేసేది తగ్గించి చీరలు మూట గట్టుకొని ఊళ్ల మీద తిరిగి అమ్ముతాడు. ఒక రోజు వాళ్ల అమ్మ వీరమ్మను, భార్య సువర్ణను వెంటబెట్టుకొని అంగడికి వచ్చాడు. వంటిల్లు బాగుచేయిస్తున్నామన్నాడు. కింద కట్టెల పొయ్యి తీసేసి, గట్టు కట్టి, గ్యాసు పెట్టి, గోడకు టైల్స్ వేయాలని.

వీరమ్మ కుర్చీలో కుదురుగా కూర్చొని, చేతికిచ్చిన టైల్‌ను చెంపకు ఆనించుకొంది.

“ఎంత నున్నగుండాదిరా! మీ నాయిన గుండు మాదిరి ఉండాది.”

“అమా, ఊరుకో. సారు ఉండాడు” అన్నాడు ఆంజనేయులు.

“ఉంటే ఏమి? సారుకు నాయిన లేడా?”

సువర్ణ తలొంచుకొని నవ్వింది. ఆమె మాట్లాడే మనిషి కాదు. నమూనా టైల్స్ ఒక్కొక్కటే తీసి, వెలుతురుకు పెట్టి చూసి, తీసినచోటే పెడుతోంది. ఇంతలో సేటు గిన్నె ముందుకు జరిపాడు. పసుపు పూశాడు. ఆగాడు. తుడిచాడు.

“సూడమ్మా. పసుపే నిలవలేదు...”

వీరమ్మ ముఖంలో నవ్వు పోయింది. టైల్‌ను ఒళ్లోంచి తీసి కౌంటరు మీద పెట్టేసింది.

“పసుపు నిలవదా?”

“నిలవదమ్మా. గ్యారంటీ.”

“మరి మా పద్మకు బొట్టు యాడ పెట్టల్లప్పా?”

సేటుకు అర్థం కాలేదు. “పద్మ ఎవురమ్మా?”

“నా కొడుకు మొదటి పెండ్లాము. జ్వరమొచ్చి పోయింది. ఈ సువర్ణ రాకముందు.”

ముత్తైదువగా పోయిన ఇంటి ఆడమనిషిని పేరంటాలుగా తలచుకొనే ఇండ్లు మా వైపు ఉన్నాయి. కొందరు పటం పెడతారు, కొందరు కలశం పెడతారు. వీళ్ల ఇంట్లో వంటింటి గోడకే పసుపు పూసి కుంకుమ బొట్లు పెడతారు. పండక్కి ఆ గోడ ముందర చీర పెట్టి మొక్కుతారు. ఆ బొట్లు పెట్టాల్సింది ఆమె తర్వాత ఆ ఇంటికి వచ్చిన కోడలే. సువర్ణ మెళ్లో పద్మ పేరున చిన్న బంగారు బిళ్ల కూడా ఉంది.

ఆంజనేయులు తల్లి వైపు చూడకుండా నాతో అన్నాడు. “గట్టు కాన్నించి అటక దాకా తెల్లగా వేసేయండి సార్. యాడా సందు ఉండకూడదు. అమ్మకు పటము తెస్తాలే.”

సువర్ణ చేతిలో ఉన్న టైల్‌లోకి చూస్తోంది. రెండో భార్య, పైగా మాట్లాడని మనిషి. మొదటి ఆమె బొట్లు మూసేయించాలని ఆమే పట్టుబట్టి ఉంటుందని నేను అనుకొన్నాను. ఆ కౌంటరు దగ్గర ఉన్న ఎవరైనా అట్లే అనుకొని ఉంటారు.

ఆ వంటిల్లు

కొలతలకు నేను పోయిన రోజు ఆంజనేయులు ఊళ్లో లేడు. వీరమ్మ ముందర గదిలో మగ్గం పక్కన కూర్చొని రాట్నం మీద నూలు చుడుతోంది. “లోపల కోడలుండాది, పో నాయినా” అని చెయ్యి ఊపింది.

వంటిల్లు చిన్నది. పొగకు గోడలు నల్లబడ్డాయి. తూర్పు గోడకు, పొయ్యి పక్కన, మనిషి నిలబడితే ముఖానికి ఎదురుగా పసుపు. బొట్లు అని విన్నాను గానీ, అది అట్లా ఉంటుందనుకోలేదు. పండక్కి పండక్కి పూసిన పసుపు పొర మీద పొరగా పేరుకొని, వేపచెట్టు బెరడు మాదిరి లేచి ఉంది. వేలితో తాకితే తెలిసేంత మందం. మధ్యలో కుంకుమ కొత్తగా ఉంది. ఆ రోజు పండగేమీ కాదు.

టేపు పెట్టి కొలిచాను. కొలిచినాక ఊరుకోలేక అన్నాను. “అమ్మా, దీని చుట్టూ నాపరాయి పట్టీ పెట్టి, ఇంత మటుకు వదిలేసి టైల్స్ వేయొచ్చు. చూడ్డానికి కూడా బాగుంటుంది. మీకు ఇష్టం లేకపోతే వద్దు.”

సువర్ణ పిండి కలుపుతున్న చెయ్యి ఆపింది.

“నాకు ఇష్టం లేదని ఎవురు సెప్పినారన్నా?”

ఆమె ముందర గది వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

“నేను ఈ ఇంటికి వచ్చినప్పుడు ఏదీ తెల్దు. ఏం సేసినా అత్త ‘పద్మ సేతి మాదిరి లేదు’ అంటాది. ఆయన ఏమీ అనడు. అనకపోయేదే కష్టము. ఇంగ నేను ఎవుర్ని అడగల్ల? ఈ గోడ మీది ఆమెనే అడిగితి. అక్కా, పప్పులోకి చింతపండు ఎంత ఏస్తావు? ఆయనకు కారం ఎంత కావల్ల? నవ్వొద్దన్నా.”

“నవ్వలేదమ్మా.”

“జవాబు వచ్చినట్టే ఉంటాది. రెండు తూర్లు ఏసి సూస్తే అత్త ‘ఈ పొద్దు బాగుండాదే’ అంటాది. ఈ ఇంట్లో దినామూ నాతో మాట్లాడేది ఆమె ఒక్కతే.”

“మరి ఆయనకు చెప్పొచ్చు కదా?”

ఆమె మళ్లీ పిండి కలపడం మొదలుపెట్టింది. “సవతి బొట్లు సూస్తా వండేది నాకు కష్టమని ఆయన అనుకొంటాండాడు. నా కోసమని ఈ పనంతా పెట్టుకొన్యాడు. నేను వచ్చినాక నా కోసమని ఆయన సేస్తాండేది ఇదొక్కటే. వద్దని ఎట్ల సెప్పల్ల?” కొంచెం ఆగి, “మీరు గూడా సెప్పొద్దన్నా” అంది.

చెప్పనన్నాను.

ఆర్డరు ఖాయం చేయడానికి ఆంజనేయులు వచ్చినప్పుడు మాత్రం కాగితం మీద గోడ బొమ్మ గీసి, తూర్పున చిన్న చదరం వదిలి చూపించాను. ఇట్లా కూడా చేస్తారు, మీ అమ్మ సంతోషపడుతుంది అన్నాను. అతను ఆ బొమ్మను చూసి కాగితం నా వైపే జరిపాడు.

“వద్దు సార్. నా సంగతి సెప్తా వినండి. జొన్నరొట్టె పెనం మీద నుంచి దిగినట్టే తినే మనిషిని నేను. పద్మ పొయ్యి పక్కన కూసోబెట్టి ఏడేడిగా పెట్టేది. ఆమె పోయినాక నేను ఆ వంటింట్లోకి పోలేదు. మగ్గం గట్టు మీద కూసోని సల్లారిన రొట్టె తింటాండా. నాకే ఇట్లుంటే ఆ పిల్లకు ఎట్లుంటాది? దినామూ ఆ గోడ సూస్తా వండల్ల గదా. మూసేయండి.”

ఇద్దరి మాటలూ నా దగ్గర ఉన్నాయి. ఒకరి మాట ఇంకొకరికి చేరవేస్తే సరిపోయేదేమో. కానీ ఒక ఇంట్లో గోడ కొలవడానికి పోయినవాడు, ఆ ఇంటి గదుల మధ్య మాటలు మోయకూడదనేది నేను పెట్టుకొన్న నియమం. ఆ నియమం మంచిదే, ఇప్పుడూ అదే చెప్తాను. మంచి నియమం కూడా కొన్నిసార్లు బరువే.

నున్నటి తెలుపు

పని హుసేన్ మేస్త్రీకి ఇచ్చాము. ఆదోనిలో టైల్స్ వేసేవాళ్లలో చెయ్యి తిరిగినవాడు. కీలు కీలుకు దారం పట్టి చూస్తాడు, వంకర ఉంటే తనే ఊడదీసి మళ్లీ వేస్తాడు. పొగ, నూనె పట్టిన గోడను ఉలితో బాగా చెక్కి, గరుకు చేసి, తడిపితేగాని సిమెంటు పట్టదు. అది నేను అతనికి చెప్పాల్సిన పని లేదు. అయినా చెప్పాను. తలూపాడు.

పని అయ్యాక చూడ్డానికి పోయాను. గట్టు నుంచి అటక దాకా తెలుపు. ఎక్కడా సందు లేదు. మంచి పని, ఫొటో తీసి అంగట్లో పెట్టుకోదగ్గ పని. ముందర గదిలో మేకుకు పద్మ పటం వేలాడుతోంది. వీరమ్మ దాన్ని చూపించింది.

“బాగుండాదా నాయినా? పద్మ మాదిరే ఉండాది. పద్మ మాత్రం లేదు.”

వంటింట్లో సువర్ణ తడిగుడ్డతో గోడ తుడుస్తోంది. తుడవడానికి ఏమీ లేదు.

“బాగొచ్చిందా అమ్మా?”

“బాగొచ్చినాదన్నా.” గుడ్డ పిండి గట్టు మీద ఆరేసింది. “ఇప్పుడు ఈ గోడలో నేనే కనపడతాండా.”

మెరిసే టైల్ అన్నాక ముఖం కనపడుతుంది. మేము దాన్ని గొప్పగా చెప్పే అమ్ముతాము. ఆ మాటకు అప్పుడు నేను నవ్వేసి వచ్చాను. అప్పటికి మా ఇంటావిడ బతికే ఉంది. మా ఇంట్లోనూ అదే తెల్ల టైల్. రోజూ వంట కాగానే ఆమె మెరిసేదాకా తుడిచేది. ఆమె పోయాక, ఒక పొద్దున స్టవ్ ముందర నిలబడి పాలు కాస్తూ, ఆ గోడ మీద ఆమె చెయ్యి ఆనవాలు ఏదైనా ఉందా అని వెతికాను. తాలింపు చుక్క, వేలిముద్ర, ఏదైనా. నా ముఖం తప్ప ఏమీ లేదు.

బోలు చప్పుడు

దసరా వెళ్లాక ఎమ్మిగనూరు నుంచి ఫోన్ వచ్చింది. ఒక టైల్ ఊగుతోందని. సేటు హుసేన్‌ను నాలుగు తిట్లు తిట్టాడు. మిగిలిన టైల్స్‌లోంచి ఒకటి తీసుకొని, హుసేన్‌ను వెంటబెట్టుకొని నేను పోయాను. దారి పొడుగునా హుసేన్ నోరు విప్పలేదు. మామూలుగా బస్సులో అతని కబుర్లకు కండక్టరు కూడా వెనక్కొచ్చి నిలబడతాడు.

ఆంజనేయులు దేవరగట్టు తిరుణాలకు ఆ పక్క ఊళ్లలో చీరలమ్మి అంతకుముందు రోజే తిరిగొచ్చాడు. మగ్గం గట్టు మీద కూర్చొని ఉన్నాడు. పక్కన పళ్లెంలో రొట్టె సగం తిని ఉంది. మమ్మల్ని వంటింటి గడప దాకా తీసుకొచ్చి, గడప ఇవతలే ఆగిపోయాడు.

లోపల సువర్ణ పిండి కలుపుతోంది. రూపాయి బిళ్లతో గోడ కొట్టుకొంటూ పోయాను. గట్టిగా అతుక్కొన్న టైల్ రాయి మాదిరి పలుకుతుంది. అతుక్కోనిది కుండ మాదిరి పలుకుతుంది. గోడంతా రాయే. తూర్పు వైపు, మనిషి ముఖానికి ఎదురుగా ఉన్న ఒక్క టైల్ దగ్గర కుండ చప్పుడు.

నేను హుసేన్ వైపు తిరిగాను. అతను తల వంచుకొన్నాడు.

సన్నటి బ్లేడు అంచుల్లో పోనిచ్చి లాగితే, ఆ టైల్ కష్టపెట్టకుండా చేతికి వచ్చింది. వెనకాల పసుపు అట్లే ఉంది. పొరలు పొరలుగా, మధ్యలో కుంకుమతో. టైల్ వెనక అంటిన సిమెంటు కూడా పచ్చగా ఉంది. ఉలి దెబ్బ ఒక్కటీ లేదు.

మా వెనకాలే వచ్చి నిలబడిన వీరమ్మ రెండు చేతులూ ఎత్తి మొక్కింది. “పోలేదురా. యాడికీ పోలేదు నా తల్లి.”

“తప్పు నాదే అన్నా” అన్నాడు హుసేన్, ఆంజనేయులుతో. “గోడంతా సెక్కినా. ఈడికొచ్చినాక సెయ్యి రాలేదు. మా ఊర్లో పీర్ల సావిడి గోడకు ఎవురన్నా ఉలి పెడతారా? నేను గాని దీన్ని కొట్టింటే మా అమ్మీ నన్ను ఇంట్లోకి రానీదు. దండం పెట్టుకొని పైన్నే అతికిచ్చినా. నిలవదని తెలుసు. నా కూలి పని నేను మళ్లా ఉత్తగనే సేస్తా, కోప్పడొద్దు.”

ఆంజనేయులు కోప్పడలేదు. గడప అవతల నుంచే ఆ చదరం వైపు చూస్తున్నాడు. ఇన్నాళ్లూ అతను తప్పించుకొని తిరిగింది అతని కళ్లెదురుగా ఉంది. “ఇంగొకర్ని పిలిపించి సెక్కిచ్చి ఏపియండి సార్” అన్నాడు.

“వద్దు.”

అది సువర్ణ గొంతని తెలియడానికి మాకందరికీ ఒక క్షణం పట్టింది. వీరమ్మ కూడా తిరిగి చూసింది.

“ఏమి వద్దు?” అన్నాడు ఆంజనేయులు.

“సెక్కొద్దు. మూయొద్దు.” ఆమె చేతులు పిండిలో ఉన్నాయి. “నాకు కష్టమని మీరు మూపిచ్చినారు. నాకేమీ కష్టం లేదు. నేను దినామూ ఆమెతోనే మాట్లాడుకొంటాంటి. మూసినాక నాకు మాట్లాడనీకి ఎవురూ లేరు.”

“నువ్వు... పద్మతోనా?”

“ఊఁ.”

వీరమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకొంది. హుసేన్ మెల్లగా బయటికి జరిగాడు. నేను చేతిలో టైల్ పట్టుకొని నిలబడిపోయాను. పోవాలో ఉండాలో తెలియలేదు.

ఆంజనేయులు అడిగిన మాట, అతను ఎన్నాళ్లుగానో ఎవరినో అడగాలని దాచుకొన్నట్టు ఉంది.

“ఏమంటాది?”

సువర్ణ పిండి ముద్దను అరచేతిలో గుండ్రంగా తిప్పింది.

“నాకేమంటాది? ఉప్పూ పులుపూ సెప్తాది. మిమ్మల్నే అడుగుతాది.”

“ఏమని?”

“రొట్టె సల్లారక ముందు వచ్చి తినమను అని.”

ఆంజనేయులు గడప పట్టుకొన్నాడు. పట్టుకొన్న చెయ్యి వదిలి లోపలికి వచ్చాడు. గట్టు కట్టినాక పొయ్యి పైకి పోయింది కాబట్టి పక్కన కూర్చునే చోటు లేదు. ఆమె పీట తెచ్చి గోడకు ఎదురుగా వేసింది. అతను కూర్చొన్నాడు. ఆమె స్టవ్ వెలిగించి పెనం పెట్టింది. రొట్టె తట్టే చప్పుడు మొదలైంది.

“ఇన్నేండ్లు సల్ల రొట్టె నమిలి నా కొడుకు పండ్లు అరిగిపాయ” అంది వీరమ్మ. నవ్వించాలని అన్నది. ఎవరూ నవ్వలేదు, ఆమెతో సహా.

ఉబ్బిన రొట్టె పెనం మీద నుంచి నేరుగా పళ్లెంలోకి వచ్చింది. మొదటి ముక్క నోట్లో పెట్టుకొని అతను నమలలేకపోయాడు. కండ్లనుంచి నీళ్లు కారుతున్నాయి. చప్పుడు లేదు. అతను గోడను చూస్తూ తిన్నాడు. ఆమె అతన్ని చూస్తూ రొట్టెలు కాల్చింది. అతను లోపలికి వచ్చింది పద్మ కోసమే గానీ తన కోసం కాదని సువర్ణకూ తెలుసు, నాకూ తెలిసింది. రెండో రొట్టె వేసేటప్పుడు అతను తల తిప్పి ఆమె చేతుల వైపు చూశాడు.

“నువ్వు గూడా తిను” అన్నాడు. ఆమెకు ఆ మాట కొత్తని, ఆమె పెనం మీది రొట్టెను తిప్పడం మరిచిపోవడం చూసి తెలుసుకొన్నాను.

హుసేన్ ఊళ్లోనే తెప్పించిన నాపరాయి పట్టీ అంచులకు పెట్టి, సున్నితంగా సిమెంటు పూసి ముగించాడు. చదరం తెరిచే ఉంది. నేను తీసుకుపోయిన కొత్త టైల్ సంచిలోనే ఉంది. అంగట్లో సేటు, “ఏమైంది నాగప్పా, నిలిచిందా?” అని అడిగాడు. నిలిచింది సేట్ అన్నాను. ఆ రోజు నుంచి నేను కూర్చొన్న కౌంటరు మీద పసుపు గిన్నె పెట్టనివ్వలేదు. సేటు గొణిగాడు గానీ కారణం అడగలేదు.

ఆ రోజు డైరీలో ఒక్క వరుసే ఉంది. ‘ఎమ్మిగనూరు పని ముగిసింది. ఒక టైల్ వాపసు తెచ్చినాను.’